సోషలిజం చరిత్రను రష్యాతో మొదలుపెట్టి రష్యాతో ముగించకండి

మీరు అడిగినదాన్ని నాకు అర్థమైనంతవరకు మళ్లీ చెబుతాను. సోషలిజం 1917లో రష్యాలో పుట్టి, 1991లో సోవియట్ యూనియన్‌తో పాటే అంతరించిందని చదువుకున్నారు. అలాంటప్పుడు స్వీడన్ గురించి మాట్లాడేవాళ్లు, చైనా గురించి మాట్లాడేవాళ్లు కూడా అదే పేరు ఎందుకు వాడుతున్నారో మీకు అంతుపట్టలేదు. ఆ రెండు దేశాలకూ పోలికే లేదు కదా, వీటిలో ఏది సోషలిజం అని అడిగారు. కార్మికోద్యమ చరిత్రను చాలా ఏళ్లుగా పాఠంగా చెబుతున్నవాణ్ని. తరగతి గదిలో ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. రెండు ముక్కల్లో తేల్చేస్తే విషయానికి అన్యాయం జరుగుతుంది కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

కథ రష్యా విప్లవానికి వందేళ్లకు పైగా ముందే మొదలవుతుంది. 1789 ఆగస్టులో ఫ్రెంచి జాతీయ అసెంబ్లీ మనుషులంతా పుట్టుకతోనే స్వేచ్ఛాజీవులనీ, హక్కుల్లో సమానులనీ ప్రకటించింది. రెండేళ్లు తిరక్కుండానే, 1791 జూన్ 14న, అదే అసెంబ్లీ లె షాపెలియే చట్టం చేసింది. పారిస్ వడ్రంగులు కూలి పెంచమని కూడబలుక్కుని పని మానేసిన రోజులవి. ఒకే వృత్తిలో ఉన్నవాళ్లు సంఘం పెట్టుకోకూడదు, కూలి ఇంత కావాలని కలిసి తీర్మానించుకోకూడదు అని ఆ చట్టం శాసించింది. యజమానీ స్వతంత్రుడే, కూలివాడూ స్వతంత్రుడే, ఎవరికి వారు బేరం కుదుర్చుకోవాలి, మధ్యలో గుంపు దేనికని వాదన. బ్రిటన్‌లోనూ 1799, 1800 సంవత్సరాల్లో ఇలాంటి చట్టాలే వచ్చాయి. రాజుకు ఎదురు నిలవడం హక్కయింది, యజమాని ముందు నలుగురూ కలిసి నిలవడం మాత్రం నేరమైంది. ఊరి పాలనలో ప్రజలదే చివరి మాట అయినప్పుడు, రోజులో పధ్నాలుగు గంటలు బతికే కర్మాగారంలో ఒక్క మనిషిదే చివరి మాట ఎందుకు కావాలి? సోషలిజం అనే ఆలోచన ఈ ప్రశ్నలోంచి వచ్చింది. దాని చరిత్ర మొత్తాన్నీ నేను ఈ ప్రశ్న వెంబడే చదువుతాను. కింద రాసేదంతా ఆ చూపుతోనే ఉంటుంది.

మొదటి తరం వాళ్లు రకరకాలుగా ఆలోచించారు. బాబెఫ్ ఫ్రాన్స్‌లో ఉమ్మడి ఆస్తి కోసం రహస్య తిరుగుబాటుకు పథకం వేసి 1797లో గిలెటిన్ పాలయ్యాడు. ఫూరియే పనినే ఆనందంగా మార్చే ఆదర్శ సముదాయాలకు నమూనాలు గీశాడు. వీళ్లలో రాబర్ట్ ఓవెన్ నాకు ఎక్కువ ఆసక్తి కలిగిస్తాడు, ఎందుకంటే ఆయన స్వయంగా మిల్లు యజమాని. స్కాట్లండ్‌లోని న్యూ లానార్క్ నూలు మిల్లు బాధ్యతను 1800లో చేపట్టి, పదేళ్లలోపు పిల్లల్ని పనిలోంచి తీసేసి బడిలో వేశాడు. పనిగంటలు తగ్గించాడు. 1806లో అమెరికా పత్తి ఆగిపోయి మిల్లు మూతపడితే, నాలుగు నెలలు పని లేకుండానే కూలి ఇచ్చాడు. అయినా మిల్లు లాభాల్లోనే నడిచింది. పిల్లల్ని పీల్చి పిప్పి చేయకపోతే పరిశ్రమ బతకదన్న వాదన అబద్ధమని ఆయన చేసి చూపించాడు. కానీ న్యూ లానార్క్‌లో ఏ నిర్ణయమైనా ఓవెన్‌దే. కార్మికులు ఆయన దయకు పాత్రులు, అంతే. తర్వాత 1825లో అమెరికాలో ఆయన స్థాపించిన న్యూ హార్మనీ అనే ఉమ్మడి ఊరు రెండు మూడేళ్లకే చెదిరిపోయింది.

ఓవెన్ చేయలేనిదాన్ని ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్‌లో ఇరవై ఎనిమిది మంది మామూలు మనుషులు చేశారు. నేతగాళ్లు, ఇతర చేతివృత్తుల వాళ్లు కలిసి తలా ఒక పౌండు చొప్పున కూడబెట్టి 1844 డిసెంబరు 21 సాయంత్రం టోడ్ లేన్‌లో దుకాణం తెరిచారు. అందులో ఉన్న సరుకు పిండి, ఓట్స్ పిండి, వెన్న, చక్కెర, కాసిని కొవ్వొత్తులు. ఆ రోజుల్లో పేదలు కొనే రొట్టెలో పటిక కలపడం మామూలు. ఇక్కడ కల్తీ ఉండదు, తూకంలో మోసం ఉండదు. వచ్చిన లాభాన్ని ఎవరు ఎంత కొన్నారో ఆ లెక్కన పంచుతారు. అన్నిటికంటే ముఖ్యమైన నియమం, ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకే ఓటు. ఆడవాళ్లు కూడా సభ్యులు కావచ్చు. ఒక్క క్షణం ఇక్కడ ఆగండి. 1832 సంస్కరణ తర్వాత కూడా బ్రిటిష్ పార్లమెంటు ఎన్నికల్లో శ్రామికుల్లో చాలామందికి ఓటు లేదు, ఆడవాళ్లకు అసలే లేదు. దేశం ఇవ్వని ఓటును ఆ చిన్న దుకాణం ఇచ్చింది. ప్రపంచమంతటా సహకార సంఘాలు నేటికీ పాటించే సూత్రాలకు మూలం అదే. పుస్తకాల్లో రాచ్‌డేల్‌కు ఒక పేరా దొరకడమే గొప్ప. నా దృష్టిలో అది ఎన్నో ప్రణాళికా పత్రాల కంటే ఎక్కువ బోధిస్తుంది.

మార్క్స్, ఎంగెల్స్ వచ్చింది ఇదంతా మొదలయ్యాకే. 1848 ఫిబ్రవరిలో లండన్‌లో వాళ్ల కమ్యూనిస్టు ప్రణాళిక జర్మన్ భాషలో అచ్చయ్యేనాటికి, లియోన్ పట్టు నేతగాళ్లు రెండుసార్లు తిరగబడి ఉన్నారు, ఇంగ్లండ్‌లో చార్టిస్టులు ఓటు హక్కు కోసం లక్షల సంతకాలు సేకరించి ఉన్నారు. మార్క్స్ కొత్తగా అందించింది ఒక వివరణ. యజమాని చెడ్డవాడు కావడం వల్ల దోపిడి జరగదు. కార్మికుడు అమ్మేది తన శ్రమశక్తిని. దాని ధర అతను బతకడానికి అయ్యే ఖర్చును బట్టి ఉంటుంది. అతను సృష్టించే విలువ మాత్రం అంతకంటే ఎక్కువ. ఆ తేడా, అంటే అదనపు విలువ, యజమాని మంచివాడైనా చెడ్డవాడైనా అతనికే చేరుతుంది. ఓవెన్ లాంటి దయామయుడు ఎందుకు సరిపోడో ఇందులో తెలుస్తుంది. 1864 సెప్టెంబరు 28న లండన్‌లోని సెయింట్ మార్టిన్స్ హాలులో మొదటి ఇంటర్నేషనల్, అంటే అనేక దేశాల కార్మికుల ఉమ్మడి సంఘం, ఏర్పడినప్పుడు మార్క్స్ దాని నియమావళి రాశాడు. శ్రామికుల విముక్తిని శ్రామికులే సాధించుకోవాలన్నది దాని మొదటి మాట. ఆ సభ వెనుక చాలా ఆచరణాత్మకమైన కారణం కూడా ఉంది. ఇంగ్లండ్‌లో సమ్మె జరిగితే యజమానులు యూరప్ నుంచి కూలీలను దింపేవారు. అది ఆగాలంటే సరిహద్దులు దాటిన సంఘం కావాలి.

ఆ ఇంటర్నేషనల్ 1872లో హేగ్ మహాసభలో చీలింది. రాజ్యమే వద్దనే రష్యన్ అరాచకవాది బకూనిన్‌ను బహిష్కరించారు. శ్రామికుల పేరుతో రాజ్యాన్ని చేజిక్కించుకుంటే, ఆ రాజ్యాన్ని నడిపేవాళ్లే కొత్త పాలక వర్గమవుతారని ఆయన హెచ్చరిక. మార్క్స్ ఆ వాదనను తోసిపుచ్చాడు. బకూనిన్‌కు రహస్య ముఠాల మీదున్న మోజును నేను సమర్థించను గానీ, ఈ ఒక్క విషయంలో తర్వాతి శతాబ్దం ఆయన మాటను చాలాచోట్ల నిజం చేసింది.

ఆ చీలికకు ముందు ఏడాదే పారిస్ కమ్యూన్ జరిగింది. 1871 మార్చి 18 నుంచి మే 28 వరకు, డెబ్బై రెండు రోజులు పారిస్ నగరాన్ని ఎన్నికైన శ్రామికులు, గుమస్తాలు, పాత్రికేయులు పాలించారు. దాన్ని గురించి చెప్పేటప్పుడు అందరూ బారికేడ్లనూ, చివరి వారం నెత్తుటేర్లనూ వర్ణిస్తారు. నేను ఏప్రిల్ 20 నాటి ఉత్తర్వును చూపిస్తాను. రొట్టె బట్టీల్లో రాత్రి పనిని రద్దు చేసిన ఉత్తర్వు అది. ఊరు లేచేసరికి వేడి రొట్టె సిద్ధంగా ఉండాలని బట్టీ కార్మికులు జీవితమంతా రాత్రుళ్లు పొగలో, వేడిలో గడిపేవారు. వాళ్ల కోరికపైనే ఉత్తర్వు వచ్చింది. కమ్యూన్‌లో కార్మిక వ్యవహారాలు చూసిన లియో ఫ్రాంకెల్ హంగరీ నుంచి వచ్చిన నగల పనివాడు. విదేశీయుణ్ని పారిస్ ప్రజలు ఎన్నుకుని ఆ బాధ్యత అప్పగించారు. యజమానులు వదిలిపోయిన కార్ఖానాలను కార్మికుల సహకార సంఘాలకు అప్పగించే పని కూడా మొదలైంది. కమ్యూన్‌లో పనిచేసేవారి జీతానికి ఏటా 6,000 ఫ్రాంకుల పరిమితి పెట్టారు. కార్ఖానాల అప్పగింత పూర్తికాకముందే ప్రభుత్వ సైన్యం నగరంలో ప్రవేశించి వేలాదిమందిని కాల్చి చంపింది. కమ్యూన్ కోసం పోరాడిన ఉపాధ్యాయురాలు లూయీజ్ మిషెల్ వంటి వాళ్లను న్యూ కలెడోనియా దీవికి పంపేశారు.

తర్వాత ఉద్యమ కేంద్రం జర్మనీకి మారింది. 1875లో గోథాలో రెండు సోషలిస్టు పార్టీలు కలిసి ఒక్కటయ్యాయి. 1878లో బిస్మార్క్ సోషలిస్టుల సభలను, సంఘాలను, పత్రికలను నిషేధించాడు. ఎన్నికల్లో పోటీ చేయడం మాత్రం చట్టం ఆపలేకపోయింది. పన్నెండేళ్లు పార్టీ పత్రిక విదేశాల్లో అచ్చయి దొంగచాటుగా జర్మనీకి చేరింది. పైకి పాటల సంఘాలుగా, వ్యాయామ సంఘాలుగా కనిపించేవి లోపల పార్టీ శాఖలుగా పనిచేశాయి. నిషేధానికి ముందు, 1877లో దాదాపు 4.9 లక్షల ఓట్లున్న పార్టీకి 1890లో 14 లక్షలకు పైగా వచ్చాయి. ఇదే కాలంలో బిస్మార్క్ 1883లో అనారోగ్య బీమా, 1884లో ప్రమాద బీమా, 1889లో వృద్ధాప్య పింఛను తెచ్చాడు. కార్మికులను సోషలిస్టుల నుంచి విడదీయడమే తన ఉద్దేశమని ఆయన దాచుకోలేదు. ఆధునిక సామాజిక బీమా ఈ భయంలోంచి వచ్చిందని మరిచిపోకూడదు. సోషలిస్టులు అధికారంలోకి రాకముందే వాళ్ల ఒత్తిడి చట్టాలను మార్చింది. 1912 నాటికి ఆ పార్టీ జర్మన్ పార్లమెంటులోని 397 స్థానాల్లో 110 గెలిచి అతిపెద్ద పక్షమైంది.

ఓటు హక్కు విషయంలోనూ ఇంతే. బెల్జియంలో 1893లో పురుషులందరికీ ఓటు వచ్చింది సార్వత్రిక సమ్మె వల్ల. ఫిన్లండ్‌లో 1905 సమ్మె తర్వాత 1906లో ఆడవాళ్లకూ మగవాళ్లకూ కలిపి వచ్చింది. 1889లో పారిస్‌లో మొదలైన రెండవ ఇంటర్నేషనల్ ఎనిమిది గంటల పనిదినం కోసం 1890 మే 1న అన్ని దేశాల్లో ప్రదర్శనలు జరపాలని పిలుపునిచ్చింది. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన మొట్టమొదటి ఒడంబడిక పరిశ్రమల్లో పనిగంటల మీదే. ఆఫీసులో పని ముగించుకుని ఇంటికి వెళ్లే ప్రతి మనిషీ ఈ చరిత్రకు వారసుడే, తెలిసినా తెలియకపోయినా.

ఇక ఈ ఉద్యమపు మచ్చ గురించి. 1907 ఆగస్టులో స్టుట్‌గార్ట్‌లో రెండవ ఇంటర్నేషనల్ మహాసభ జరిగింది. మేడం కామా భారతదేశం పేరిట జెండా ఎగరేసింది ఆ సభలోనే. అంతకుముందు 1904లో ఆమ్‌స్టర్‌డామ్ సభలో దాదాభాయి నౌరోజీ బ్రిటిష్ పాలన దేశాన్ని ఎలా పీల్చేస్తోందో వివరించాడు. అయినా స్టుట్‌గార్ట్‌లో డచ్ సోషలిస్టు వాన్ కోల్ వంటివాళ్లు వలస విధానాన్ని సూత్రప్రాయంగా ఖండించనక్కర్లేదనీ, సోషలిస్టు పాలనలో అది నాగరికతకు మేలు చేయగలదనీ తీర్మానం పెట్టారు. జర్మన్ ప్రతినిధుల్లో చాలామంది వాళ్ల పక్షమే. చివరికి తీర్మానం 127-108 ఓట్లతో వీగిపోయింది. వలసలు లేని చిన్న దేశాల ప్రతినిధులు కాపాడారు. ఓడింది కదా అని ఊరుకోలేను. మనుషులంతా సమానమని జీవితాలు ధారపోసినవాళ్లలో ఆ 108 ఓట్లు వేసినవాళ్లు, ఆసియా ఆఫ్రికా ప్రజలు ఇంకా తమను తాము పాలించుకోలేరని నమ్మారు.

ఆ నమ్మకానికి ఉద్యమం ఎంత మూల్యం చెల్లించిందో చూడాలంటే పదమూడేళ్లు ముందుకు వెళ్లాలి. 1920 డిసెంబరులో ఫ్రెంచి సోషలిస్టులు తూర్ నగరంలో సమావేశమై పాత ఇంటర్నేషనల్‌లో ఉండాలా, మాస్కోలో పుట్టిన కొత్తదానిలో చేరాలా అని చర్చించారు. ఇండోచైనా నుంచి వచ్చిన ఒక యువకుడు తన దేశంలో జరుగుతున్న అత్యాచారాలను వివరించి మాస్కోకు ఓటేశాడు. వలసల ప్రశ్నను ఎవరు పట్టించుకుంటారన్నదే అతనికి కొలబద్ద. తర్వాత లోకం అతన్ని హో చి మిన్ అని పిలిచింది. అదే ఏడాది మాస్కోలో వలసల మీద లెనిన్ సిద్ధాంతాలతో భారత విప్లవకారుడు ఎం.ఎన్. రాయ్ నేరుగా వాదించాడు, లెనిన్ ఆయన చేత ప్రత్యామ్నాయ పత్రం రాయించి సభలో పెట్టించాడు. వలస దేశాల యువకులు ఎందుకు అంతమంది కమ్యూనిజం వైపు మొగ్గారో స్టుట్‌గార్ట్ సభనూ మాస్కో సభనూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

మధ్యలో 1914 ఉంది. యుద్ధం వస్తే సమ్మెలతో ఆపుతామని ఏళ్ల తరబడి తీర్మానాలు చేసిన పార్టీలే, యుద్ధం రాగానే తమ తమ ప్రభుత్వాల వెనుక నిలబడ్డాయి. శాంతి కోసం చివరిదాకా తిరిగిన ఫ్రెంచి సోషలిస్టు నాయకుడు ఝాన్ జోరెస్‌ను జులై 31న పారిస్‌లో ఒక కెఫేలో కాల్చి చంపారు. ఆగస్టు 3న జర్మన్ పార్టీ పార్లమెంటరీ పక్షం 78-14 ఓట్లతో యుద్ధ రుణాలను సమర్థించాలని నిర్ణయించింది. మరునాడు క్రమశిక్షణ పేరుతో ఆ పద్నాలుగు మందీ అనుకూలంగానే ఓటేశారు. డిసెంబరులో రెండోసారి ఓటింగు వచ్చినప్పుడు కార్ల్ లీబ్‌నెక్ట్ ఒక్కడే వ్యతిరేకించాడు. సోషలిజంలోని రెండు పాయలు నిజంగా వేరుపడింది ఇక్కడే. సంస్కరణా, విప్లవమా అని, సంస్కరణ పక్షాన బెర్న్‌స్టైన్, విప్లవ పక్షాన రోజా లక్సెంబర్గ్ 1899 నాటికే వాదించుకున్నారు, అయినా ఒకే పార్టీలో ఉన్నారు. లక్షల శవాలు మధ్యలో పడ్డాక కలిసి ఉండడం అసాధ్యమైంది.

ఇప్పుడు రష్యా. 1917 మహిళా దినోత్సవం నాడు అప్పటి రాజధాని పెట్రోగ్రాడ్‌లో బట్టల మిల్లుల ఆడవాళ్లు రొట్టె కోసం వీధుల్లోకి రావడంతో జార్ పాలన కూలడం మొదలైంది. కార్మికులు, సైనికులు ఎన్నుకున్న సోవియట్లు అంటే సభలు, కర్మాగారంలోనూ బ్యారక్‌లోనూ నిర్ణయాలు చేసే హక్కు కోసం పుట్టినవి. అక్టోబరులో లెనిన్ నాయకత్వంలోని బోల్షివిక్కులు అధికారం తీసుకున్నది వాటి పేరుతోనే. నవంబరులో జరిగిన రాజ్యాంగ సభ ఎన్నికల్లో వాళ్లకు దాదాపు నాలుగో వంతు ఓట్లే వచ్చాయి. రైతుల మద్దతున్న సోషలిస్టు రివల్యూషనరీలు మొదటి స్థానంలో నిలిచారు. 1918 జనవరిలో ఆ సభ ఒక్క రోజు సమావేశమైంది, తర్వాత మూసేశారు. అంతర్యుద్ధం, విదేశీ సైన్యాల దాడి, కరవు ఇవన్నీ నిజమే. వాటిని లెక్కలోకి తీసుకోకుండా ఎవరైనా తీర్పు చెబితే నేను ఒప్పుకోను. కానీ ఆ క్షణంలోనే, బ్రెస్లావ్ జైలులో ఉన్న రోజా లక్సెంబర్గ్ విప్లవాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తూనే ఒక హెచ్చరిక రాసింది. భిన్నంగా ఆలోచించేవాడికి లేని స్వేచ్ఛ స్వేచ్ఛే కాదని, ఎన్నికలూ పత్రికలూ సభలూ లేకపోతే ప్రతి సంస్థలోనూ జీవం ఆరిపోయి ఉద్యోగస్వామ్యం ఒక్కటే మిగులుతుందని చెప్పింది. 1919 జనవరి 15న బెర్లిన్‌లో ఆమెనూ లీబ్‌నెక్ట్‌నూ సైనిక ముఠాలు చంపాయి. అప్పుడు అధికారంలో ఉన్నది ఆమె పాత పార్టీయే. సోషలిజం చరిత్రలో నన్ను అన్నిటికంటే బాధించే రోజు అది.

ఆమె చెప్పినట్టే జరిగింది. 1921 మార్చిలో పెట్రోగ్రాడ్ దగ్గరి క్రోన్‌స్టాట్ నౌకా స్థావరం నావికులు సోవియట్లకు స్వేచ్ఛగా, రహస్య ఓటుతో ఎన్నికలు జరపమంటే ఫిరంగులతో జవాబిచ్చారు. అదే నెలలో పార్టీ లోపల వర్గాలను కూడా నిషేధించారు. స్టాలిన్ కాలంలో బలవంతపు సమష్టి వ్యవసాయం, 1932-33లో ఉక్రెయిన్, కజకిస్తాన్‌లలో లక్షలాదిమందిని బలిగొన్న కరవు, 1937-38లో దాదాపు 6.8 లక్షల మందికి మరణశిక్షల అమలు వచ్చాయి. చనిపోయినవాళ్లలో 1917 నాటి విప్లవ నాయకులు కూడా ఉన్నారు. అదే రాజ్యం అక్షరాస్యత తెచ్చింది, వెనుకబడిన దేశాన్ని పారిశ్రామికం చేసింది, నాజీ సైన్యం వెన్ను విరిచింది. ఈ రెండు వాక్యాల్లో ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని మింగేసే పుస్తకాలను దూరంగా పెట్టండి. అయితే విజయాలు చెప్పుకుని ఆ హత్యలను సర్దుబాటు చేసుకోవడం నా వల్ల కాదు.

సరిగ్గా అదే సంవత్సరాల్లో వియన్నాలో మరో ప్రయోగం నడిచింది. 1919 నుంచి 1934 దాకా అక్కడి నగరపాలన ఎన్నికల్లో గెలిచిన సోషల్ డెమోక్రాట్ల, అంటే ఓటు దారిన నడిచే సోషలిస్టుల, చేతిలో ఉంది. 1923లో ఇళ్ల మీద పన్ను వేశారు, ఖరీదైన ఇంటికి ఎక్కువ, చిన్న ఇంటికి నామమాత్రం. విలాసాల మీద పన్నులు సరేసరి. ఆ డబ్బుతో అరవై వేలకు పైగా ఇళ్లు కట్టి కార్మిక కుటుంబాలకు తక్కువ అద్దెకు ఇచ్చారు. 1930లో తెరిచిన కార్ల్ మార్క్స్ హోఫ్ కిలోమీటరుకు పైగా పొడవున్న భవనం, 1,382 ఇళ్లు. స్థలంలో చాలా భాగం పచ్చని ఆవరణలకే వదిలేశారు. లోపల ఉమ్మడి బట్టల ఉతుకు గదులు, స్నానశాలలు, పిల్లల బడి, గ్రంథాలయం, వైద్యశాల. ఒక్క గదిలో ఏడెనిమిది మంది సర్దుకుని, నీళ్ల కోసం వసారాలో ఉమ్మడి కుళాయి దగ్గర నిలబడే అద్దె ఇళ్లలోంచి వచ్చారు వాళ్లు. నగరంలో పుట్టిన ప్రతి శిశువుకూ నగరపాలక సంస్థ బట్టల మూట పంపేది, డబ్బున్న ఇంట్లో పుట్టినా సరే. అది దానం కాకుండా హక్కుగా ఉండాలని వాళ్ల పట్టుదల. 1934 ఫిబ్రవరిలో ఆస్ట్రియా నియంతృత్వ ప్రభుత్వం ఆ ఇళ్ల మీద ఫిరంగులు పేల్చింది. ఇళ్లు నిలిచాయి, ఇవాళ్టికీ జనం వాటిలో కాపురముంటున్నారు. మీరు చదివిన పుస్తకంలో వియన్నా లేకపోతే అది సోషలిజం చరిత్ర పుస్తకం అనిపించుకోదు.

బ్రిటన్‌లోనూ ఇలాగే కింది నుంచి పైకి వచ్చిన ఉదాహరణ ఉంది. వేల్స్‌లోని ట్రెడెగార్‌లో గని కార్మికులు తమ కూలిలోంచి కొంత వేసుకుని వైద్య సహాయ సంఘం నడిపారు, డాక్టర్లను వాళ్లే నియమించుకున్నారు. ఆ ఊళ్లో పుట్టి, కుర్రతనంలోనే గనిలో దిగిన అన్యూరిన్ బెవన్ ఆరోగ్య మంత్రి అయ్యాక 1948 జులై 5న దేశమంతటికీ ఉచిత వైద్య సేవను ప్రారంభించాడు.

ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాల కథ ఒక్కో దేశానికి ఒక్కో సంపుటం అవుతుంది, ఇక్కడ కొన్ని మాటలే చెప్పగలను. చైనాలో భూస్వాముల పెత్తనాన్ని కూల్చిన అదే పార్టీ, 1958 తర్వాత ‘ముందుకు పెద్ద గెంతు’ పేరుతో కోట్లమంది ఆకలిచావులకు కారణమైంది. 1959లో లూషన్ సమావేశంలో ఆ విధానం తప్పని చెప్పిన రక్షణ మంత్రి పెంగ్ దెహ్వాయ్‌ని పదవి నుంచి తొలగించారు. ఆ తర్వాత నోరెత్తే ధైర్యం ఎవరికుంటుంది? కరవు మరింత ముదిరింది. టాంజానియాలో అధ్యక్షుడు నైరేరే 1967లో అరూషా ప్రకటనతో గ్రామ సమష్టి జీవనాన్ని స్వచ్ఛందంగా మొదలుపెట్టి, 1970లలో రైతులను బలవంతంగా ఊళ్లు మార్పించే దాకా వెళ్లాడు. చదువులో సాధించినది చాలా ఉంది, వ్యవసాయం మాత్రం దెబ్బతింది. కేరళలో 1957లో ఎన్నికల ద్వారా గెలిచిన కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని రెండేళ్లకు కేంద్రం బర్తరఫ్ చేసింది. చిలీలో 1970లో అధ్యక్షుడిగా గెలిచిన సోషలిస్టు అయెందే ఓటు దారిలోనే నడిచాడు. రాగి గనులను 1971లో పార్లమెంటు ఏకగ్రీవ ఆమోదంతో జాతీయం చేశాడు. 1973 సెప్టెంబరు 11న సైన్యం ఆయన ప్రభుత్వాన్ని కూల్చేసింది. ఓటుతో సోషలిజం ఎందుకు తేలేదని అడిగేవాళ్లు చిలీ గురించి కూడా మాట్లాడాలి.

తూర్పు యూరప్ ముగింపును మీ పుస్తకం ఎలా చెప్పిందో ఊహించగలను: బెర్లిన్ గోడ కూలింది, జనం స్వేచ్ఛ పొందారు. దానికి ముందు కార్మికులు ఏం చేశారో చూడండి. 1953లో తూర్పు బెర్లిన్‌లో పని లక్ష్యాలు పెంచినందుకు మొదట పనిముట్లు కింద పెట్టింది భవన నిర్మాణ కార్మికులు. 1956లో హంగరీ కర్మాగారాల్లో కార్మిక మండళ్లు పుట్టాయి, సోవియట్ ట్యాంకులు వచ్చాక కూడా అవి వారాల తరబడి సమ్మె నడిపాయి. 1980 ఆగస్టులో పోలండ్‌లోని గ్దాన్స్క్ ఓడల కర్మాగారంలో అన్నా వాలెంటినోవిచ్ అనే క్రేన్ డ్రైవరును పింఛనుకు కొద్ది నెలల ముందు పనిలోంచి తీసేయడంతో సమ్మె మొదలైంది. సమ్మె సంఘం రాసిన 21 కోరికల్లో మొదటిది పార్టీతో సంబంధం లేని స్వతంత్ర కార్మిక సంఘాలు పెట్టుకునే హక్కు. అలా పుట్టిన ‘సాలిడారిటీ’ అనే సంఘంలో ఏడాదిలో దాదాపు కోటిమంది చేరారు. 1981 డిసెంబరులో ప్రభుత్వం సైనిక శాసనం విధించింది. శ్రామికుల రాజ్యమని చెప్పుకున్నదాన్ని శ్రామికులే ఎదిరించిన సంఘటన ఇది. వాళ్లు అడిగిన మొదటి కోరిక ఈ ఉద్యమం పుట్టినప్పుడు అడిగిన మొదటి కోరికే.

ఇక మీ అసలు ప్రశ్నకు. స్వీడన్‌లో 1932 నుంచి 1976 దాకా దాదాపు అవిచ్ఛిన్నంగా సోషల్ డెమోక్రాట్లు పాలించారు. కర్మాగారాలు ప్రైవేటు చేతుల్లోనే ఉన్నాయి. బలమైన కార్మిక సంఘాలు, అధిక పన్నులు, అందరికీ చదువు, వైద్యం, పింఛను వాళ్లు నిర్మించినవి. అది సోషలిస్టు ఉద్యమం కట్టిన సంక్షేమ రాజ్యం, దాన్ని తక్కువచేసి మాట్లాడను. యాజమాన్యం జోలికి వెళ్లే ప్రయత్నం కూడా ఒకటి జరిగింది. కార్మిక సమాఖ్య ఆర్థికవేత్త రుడాల్ఫ్ మైడ్నర్ 1970లలో ఒక పథకం తయారుచేశాడు. పెద్ద కంపెనీలు ఏటా లాభంలో కొంత భాగాన్ని కొత్త వాటాల రూపంలో కార్మికుల ఉమ్మడి నిధికి ఇవ్వాలి, దశాబ్దాలు గడిచేసరికి యాజమాన్యం వాళ్లకే చేరుతుంది. 1976లో సమాఖ్య దాన్ని ఆమోదించింది. యజమానులు 1983లో స్టాక్‌హోంలో భారీ ప్రదర్శన జరిపారు. చివరికి వచ్చిన చట్టంలో పథకం సారం మిగల్లేదు, 1990ల మొదట్లో ఆ కాస్తా రద్దయింది. యుద్ధానంతర సోషల్ డెమోక్రసీ ఎక్కడిదాకా వెళ్లగలిగిందో, ఏ గుమ్మం దగ్గర ఆగిపోయిందో ఇంత స్పష్టంగా చూపే ఉదాహరణ మరొకటి లేదు. ఫ్రాన్స్‌లో సోషలిస్టు అధ్యక్షుడు మితెరాన్ ప్రభుత్వం 1982లో బ్యాంకులను జాతీయం చేసి, 1983కల్లా పొదుపు బాట పట్టడం కూడా ఆ గుమ్మం దగ్గరి కథే. పెట్టుబడి దేశం దాటి వెళ్లిపోగలిగినప్పుడు ఒక్క దేశపు ఓటు దాన్ని ఎంతవరకు కట్టడి చేయగలదన్నది ఇప్పటికీ తేలని విషయం.

చైనా సంగతి వేరు. అక్కడ 1978 సంస్కరణల తర్వాత కోట్లాదిమంది పేదరికం నుంచి బయటపడ్డారు, అది చరిత్రలో చాలా పెద్ద మార్పు. పెద్ద బ్యాంకులు, కీలక పరిశ్రమలు ఇంకా రాజ్యం చేతిలో ఉన్నాయి. పక్కనే శతకోటీశ్వరుల ప్రైవేటు సామ్రాజ్యాలు కూడా ఉన్నాయి. యాజమాన్యం ఎవరి పేరున ఉందన్నదాన్ని బట్టి చూస్తే వాదన ఎటూ తేలదు. అందుకే నేను కర్మాగారం లోపలికి చూడమంటాను. సమ్మె హక్కును 1982 రాజ్యాంగంలోంచి తీసేశారు. పార్టీ అదుపులోని ఒకే ఒక్క సమాఖ్య బయట కార్మిక సంఘం పెట్టుకోవడానికి వీల్లేదు. 2018 వేసవిలో షెన్‌జెన్‌లో వెల్డింగ్ యంత్రాలు తయారుచేసే ఒక కర్మాగారంలో కార్మికులు తమ సంఘం తామే ఏర్పాటు చేసుకోవాలని ప్రయత్నిస్తే ఉద్యోగాలు పోయాయి, అరెస్టులు జరిగాయి. వాళ్లకు మద్దతుగా వచ్చినవాళ్లలో పెకింగ్ వంటి విశ్వవిద్యాలయాల మార్క్సిస్టు అధ్యయన బృందాల విద్యార్థులున్నారు, వాళ్లనూ నిర్బంధించారు. పాఠ్యపుస్తకంలో చదివిన మార్క్స్‌ను నిజమని నమ్మి కార్మికుల పక్కన నిలబడ్డ పిల్లలు వాళ్లు. ఆ రోజు ఆ కర్మాగారం గేటు దగ్గర సోషలిజం ఎటువైపు ఉందని మీరు అడిగితే, నేను ఆ కార్మికుల వైపూ ఆ విద్యార్థుల వైపూ చూపిస్తాను.